పొదిలి దాటాక

చీమకుర్తిలో టీ గ్లాసు జారిందంట.
వంగి తీయబోయి
తనే జారాడంట, కుడివైపుకి.
పదకొండైనా కాలేదు, అప్పుడే తాగొచ్చాడన్నారు
ముందు సీట్లో వాళ్లు.
మూతి వంకర చూసి ఎవరో పిల్ల నవ్విందంట.

మా కాలేషాకి ముప్పై మూడు.
ఆ వయసులో పక్షవాతం రాదని
ఊరందరికీ తెలుసు.
డ్రైవరు పెంచలయ్యకే తెలీదు.
వాళ్ల తమ్ముడు ఇరవై తొమ్మిదికి ఇట్టాగే పడితే
గ్యాసని సాయంత్రం దాకా నిమ్మరసం తాగించారు.

నలభై మందితో బస్సు వెనక్కి తిప్పాడు.
గ్రానైటు లారీల మధ్య
హారను మీద చెయ్యి తీయకుండా,
సంతనూతలపాడులో చెయ్యెత్తినా ఆపకుండా
ఒంగోలు పెద్దాసుపత్రి గేటు లోపలికి.
పొదిలి పోవాల్సిన వాళ్లు ఒక్కరూ
ఇదేందని అడగలేదు.
అడిగే ఉంటారు. నాకు చెప్పలేదు.

నేను చేరేసరికి తలకి స్కాను తీసి సూది వేశారు.
"వేళకి తెచ్చారమ్మా, లేకుంటే ఉన్నదీ పోయేది."
పేరేంటి అని అడిగితే
"రైట్ రైట్" అన్నాడు.
ఈమె ఎవరు అంటే
నా వంక చాలాసేపు చూసి
"రైట్ రైట్."

ఇంటికొచ్చాక పావురం రక్తం పూయమన్నారు.
నేను దువ్వెన ఎడమచేతిలో పెట్టాను.
ఉప్పు కావాలంటే చిల్లర అంటాడు,
చిల్లర ఇస్తే విసిరికొడతాడు.
బూతులు మాత్రం
ఒక్క అక్షరం తొణక్కుండా వస్తాయి.
నస్రీన్‌ని దగ్గరికి లాక్కుని
దాని పేరు కోసం నోరంతా వెతుకుతాడు,
చెకింగు ఎక్కినప్పుడు
టికెట్టు కోసం జేబులు తడుముకునే మనిషిలాగా.
"నేను చెప్పనా నాన్నా" అంటదది.
వద్దని తల ఊపుతాడు.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో మంచం మీంచి
"ఒంగోలు" అన్నాడు.
విసనకర్ర ఆపాను.
"సంతనూతలపాడు. చీమకుర్తి.
మర్రిచెట్లపాలెం. పొదిలి."
పదకొండేళ్ల రూటు,
ఒక్క స్టేజీ తప్పలేదు.
పిల్ల లేచి కూర్చుంది. "మళ్లీ నాన్నా."
మళ్లీ ఒంగోల్లో ఎక్కాడు.
ఈసారి నెమ్మదిగా,
ముసలివాళ్లు దిగేదాకా ఆగినట్టు ఆగి ఆగి
పొదిలి దాకా వచ్చి,
పొదిలి దాటి,
తన బస్సు ఎప్పుడూ పోని చోట
"న" అన్నాడు.

అంతే. చెమటలు పట్టాయి.
నస్రీన్ చీకట్లోనే చెయ్యి చాచి
మంచం పట్టె మీద రెండుసార్లు కొట్టింది,
బస్సు బాడీ మీద
వాళ్ల నాన్న కొట్టినట్టు.