బండకాళ్ల అక్షరాలు

హన్మకొండ చౌరస్తా దాటినంక
సైకిళ్ల రిపేరు కొట్టును ఆనుకొని
మా ప్రెస్సు ఉండేది.
నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి.
జాగ ఎంత ఇరుకంటే
కాగితాలు ఆరబెట్టాలంటే
నేను బయటికి పోవాలె.

సీసం అక్షరాలు మద్రాసు నుంచి వచ్చినయ్.
కర్ర అక్షరాలు మాత్రం ఓదెలు చెక్కినవి.
పరకాల దిక్కు మనిషి,
నాగళ్లు చెక్కిన చెయ్యి.

ఒకనాడు కాజీపేట స్టేషన్ల
సర్కస్ పోస్టర్ చూసిండట.
ఇంగ్లీషు. చదువరాదు.
చూసుడు మాత్రం వచ్చు.
బలిసిన అక్షరాలు, ముందుకు ఒరిగినయ్,
ఒక్కొక్కదాని కాలికింద అడ్డంగ ఒక బండ.
"ఎదురుగాలికి పోతున్నట్టున్నయ్,
అయినా పడిపోతలేవు" అన్నడు.
ఎక్కాల్సిన రైలు ఎల్లిపోయింది.
ఈయన ఆ గోడకాడనే ఉన్నడు.

వచ్చి మన అక్షరాలకు కాళ్లు పెట్టుడు షురూ చేసిండు.

మనవి గుండ్రటివి గదా.
'ర' కూసుంటది.
'ఠ' గుడ్డు మీద పొదిగినట్టుంటది.
తలకట్టు ఉంటది గని కాలెక్కడిది?
ఓదెలన్నా, కుండకు గడప పెడ్తవా, అన్న.
"కుండకు కుదురు పెడ్తలేమా?" అన్నడు.
నేను మళ్ల మాట్లాడలే.

మొదటి సెట్టు తప్పింది.
చెక్క మీద ముందుకు ఒరిపిండు,
కాగితం మీద అన్నీ
కల్లు కాంపౌండ్ల నుంచి వచ్చినట్టు
వెనక్కి వాలినయ్.
ఆ వారం వాళ్లింట్ల పొయ్యి అక్షరాలతోనే మండింది.
ముందుకు పోవాలంటే
వెనక్కి చెక్కాలని తెలిసింది.

రెండో సెట్టు నిలిచింది.
ఎడ్ల సంత, కుస్తీ పోటీలు, పత్తి విత్తనాలు
బస్సు కిటికీల నుంచి కూడ కొట్టొచ్చినట్టు కనబడేటివి.
పెండ్లి పత్రికకు మాత్రం పనికిరాలే.
పిల్ల పేరు ఆ అక్షరాలల్ల పెడితే
కుస్తీకి పిలిచినట్టుండేది.

ఒక మాపటీలి
రేగొండ నుంచి సారవ్వ వచ్చింది.
తమ్ముడు మిర్చి బస్తాలతోని ఎనుమాములకు పోయిండు,
ధర పడ్డది,
మనిషి ఇంటికి రాలే.
"చిన్నగ వెయ్యి బిడ్డా,
నలుగుట్ల ఇజ్జత్ పోతది."
చిన్నగ వేస్తే
తమ్ముడూ కనబడడు, కాగితమూ కనబడదు
అన్నడు మా సేటు.

'మొగిలి' అని కూర్చబోతే 'లి' పగిలి ఉంది.
ఓదెలు రాత్రంత కందిలి పెట్టుకొని
ఇంకో 'లి' చెక్కిండు.
అక్షరాల లావుకు కాగితం సాలలే.
'కనబడుటలే' ఒక లైను.
కింద ఒంటరిగ 'దు'.
దిద్దాలె నేను. పెన్ను తీసిన,
మళ్ల జేబుల పెట్టుకున్న.

సారవ్వకు చదువురాదు.
తడి ఆరని తమ్ముని పేరు మీద
వేలు పెట్టింది, నల్లగయింది.
"ఎందుకిట్ల ఒరిగినయ్?"
ఓదెలు ఉలికి సాన పడుతనే ఉన్నడు.
"ఊకె నిలబడితే దొరుకుతడా అవ్వా?"

నలభై కాగితాలు.
బస్సుల మీద, జిన్నింగు మిల్లుల గోడల మీద
అంబలి తీరు మైదా పూసి అంటించినం.
వానొచ్చింది.

మొగిలి జమ్మికుంటల దొరికిండని ఓదెలు చెప్తడు.
పత్తి బండ్ల నీడన నిలబడి
కూడబలుక్కుంట చదివిండట.
"నా పేరు అంత లావుగ ఎన్నడు చూడలే,
ఎవరో పెద్దమనిషి తప్పిపోయిండనుకున్న"
అన్నడట.
ఇంకోసారి చెప్పినప్పుడు
జమ్మికుంట మంచిర్యాలయింది.
ప్రూఫులు దిద్దేవాణ్ణి నేను,
ఊరి పేరు మాత్రం దిద్దలే.

ఆ 'లి' నా దగ్గర ఉంది,
కరెంటు బిల్లుల మీద బరువుగ.
చెక్క సక్కగనే ఉంటది.
లోపలి అక్షరం వెనక్కి ఒరిగి,
బండ మీద కాళ్లు తన్నిపెట్టి
ఇంకా
సిరా అడుగుతున్నట్టే ఉంటది.