ఎరుపు కాస్త ఎడమకి

నరసాపురం బస్టాండు వెనక, రెండు లేసు కొట్ల మధ్య
బర్నబాసు మాస్టారి షాపు.
బోర్డు మీద రేడియో, టీవీ అని ఉండేది.
వీడియో గేములు అని తర్వాత సున్నంతో రాశాడు,
ప్రతి వానకీ సగం కారిపోయేది.

నాకప్పుడు పన్నెండేళ్లు.
పనల్లా ఒకటే: తెర ముందు కూచుని చెప్పడం.
ఆయన పెట్టె వెనక, ట్యూబు మెడ దగ్గర,
ఒక చెయ్యి ఎప్పుడూ జేబులోనే.
రెండూ లోపల పెట్టినవాడు రెండోసారి పెట్టడు, అనేవాడు.
ఆ మిగిలిన చేత్తో నల్ల ఉంగరాల్ని వెంట్రుకవాసి తిప్పుతుంటే
తెర మీద తెల్లగీతల వల.
తెలుపంటే తెలుపు కాదు,
ఎరుపూ పచ్చా నీలమూ ఒకే చాప మీద పడుకుంటే తెలుపు.
ఒకటి పక్కకి దొర్లిందా
గీతకి రంగు దిగిన చీరంచు.

"ఎక్కడుందే పల్లాలూ?"
"ఎరుపు కాస్త ఎడమకండి."
"ఇప్పుడో?"
"నీలం కిందకి జారిపోయిందండి."
"దాని సంగతి తర్వాత. ఎరుపు చెప్పు."
మూడూ కలిసిన చోట నేను "ఆయ్" అనేదాన్ని.
ఆ ఒక్క మాట కోసం ఎన్ని మధ్యాహ్నాలు
ఆయన క్యారేజీ మూత తియ్యలేదో.

సముద్రం మా వీధికి కనపడదు, దాని గాలి మాత్రం వస్తుంది.
బోర్డుల మీద రాగిని పచ్చగా కొరికేది.
కెపాసిటర్ల నెత్తులు ఉబ్బేవి.
సాయంత్రం రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లన్నీ ఒక్కసారి తిరిగితే
వోల్టేజి కూలి, ఆటలో బొమ్మకి నడుం సన్నబడేది,
కుర్రాళ్లు పెట్టెని కాలితో తన్నేవాళ్లు.
వెడల్పు కాయిల్ తిప్పడానికి ఇనుము పనికిరాదు,
వెదురుపుల్ల చెక్కేవాడు, చెవిలో పెట్టుకుని మర్చిపోయి వెతికేవాడు.
విప్పేముందు స్క్రూడ్రైవరుకి తీగ చుట్టి
ట్యూబు బొడ్డు కింద దూర్చితే
టప్!
నీలంగా, పేసరగింజంత పిడుగు.
"ప్లగ్గు పీకేసినా మనసులో ఉంచుకుంటుందే ఇది."

మొన్న భీమవరం నుంచి ఒకాయన ఆటోలో పెట్టె తెచ్చాడు.
హోటల్లో, చేతులు కడుక్కునే చోట పెడతాడట, పాతకాలం ముచ్చట.
లోపల చెదలు, ఎండిన బల్లి, ఒక రూపాయి బిళ్ల.
కరెంటు లేకపోయినా తెర మీద కనిపిస్తోంది
ఏళ్ల తరబడి వెలిగి కాలిపోయిన చిట్టడవి గోడల నీడ,
పైన ఎవరిదో స్కోరు.
అది మాత్రం పోదని ముందే చెప్పాను.
"పోకపోతేనే మంచిది" అన్నాడాయన, బేరం ఆపేసి.

మాస్టారికి కబురు పెట్టాను.
సఖినేటిపల్లి రేవు దాటి వచ్చాడు, గొడుగే చేతికర్రగా.
ఇప్పుడు వెనక నేను. ముందు ఆయన.
ఎదురుగా స్టూలు మీద నా అద్దం,
ఒంటరిగా పనిచేసే ఏళ్లలో కొనుక్కున్నది.

"ఎరుపు కాస్త ఎడమకి."
అద్దంలో గీత తెల్లగానే ఉంది.
తిప్పినట్టు నటిద్దామనుకున్నాను, వేళ్లు ఒప్పుకోలేదు.
తిప్పాను. అద్దంలో ఎర్రంచు మొలిచింది.
"ఇంకా."
తిప్పాను.
"ఇంకా ఉందే."
ఉంగరం చివరికొచ్చేసింది.

"మాస్టారూ, ఏ కంటితో చూస్తున్నారండీ?"

చప్పుడు లేదు. ఫ్లైబ్యాకు సన్నగా ఈల వేస్తోంది,
ఆ ఈల ఆయనకి వినపడి ఎన్నాళ్లయిందో.
తొంగిచూశాను.
అరచేత్తో ఒక కన్ను మూసుకున్నాడు, తీశాడు,
రెండోది మూసుకున్నాడు.
ఒకదాంట్లో కొత్త లెన్సు, ఒకదాంట్లో పాత పొర.
"దీనికి ఒక తెర, దానికి ఇంకో తెరే"
అని గట్టిగా నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
"ఉంగరం తిప్పాల్సింది నా మెడకన్నమాట!"

మెల్లగా వెనక్కి తెచ్చాను, ఎక్కడ మొదలుపెట్టానో అక్కడికి.
"ఇప్పుడండీ?"
పొర ఉన్న కన్ను మూసి
చాలాసేపు చూశాడు.

"ఆయ్" అన్నాడు.

నాతో.

ఉంగరాలు కదలకుండా గోళ్లరంగు చుక్క పెట్టి
అది ఆరేదాకా
ఒక చెయ్యి జేబులోనే ఉంచుకుని నిలబడ్డాను.