రెండో తేదీ

ఫ్లెక్సులొచ్చినంక నా కుంచెలు
టర్పెంటైను డబ్బాలో తలకిందులుగా తపస్సు చేస్తాండాయి.
చచ్చినోళ్ళ బోర్డులకు మాత్రం
ఇంగా కొందరు నాకాడికే వస్తారు.
జననం, ఒక గీత, మరణం.
నా చేతికి కంఠతా వచ్చేసినాది.

డిసెంబరు మొదట్లో యాంగ్‌కీ వచ్చినాది,
ఆర్ట్స్ కాలేజీ గోడకానుకొని స్వెట్టర్లమ్మే మనిషి.
బైలకుప్ప నుంచి కన్నడం, లూథియానా నుంచి ఉన్ని,
మా ఊరి ఆడోళ్ళ బేరాల్లోంచి తెలుగు తెచ్చుకున్నాది.
"ఫ్లెక్సు అంగడాయన కొట్టియ్యలేదన్నా.
దీంట్లో చైనా మాటుంది, స్టేషన్లో అడుగు పో అన్నాడు."

రేకు తుడిచి ఎర్ర రంగు కలిపినాను.
ఈ చేత్తో ఎన్ని గోడల మీద నీళ్ళడిగినానో,
హంద్రీ నీళ్ళు, తుంగభద్ర నీళ్ళు.
మనుషుల్ని ఇయ్యమని అడగడం ఇదే తొలిసారి.
*టిబెటన్ల మానవ హక్కులకు మీ సంతకం*
హక్కు కాడ వత్తుకు జాగా చాల్లేదు,
కిందికి జరిపి ఇరికించినాను.

ఆమె నా తలకట్ల పక్కే చూస్తాండాది.
బిల్లు పుస్తకం వెనకాల తన అక్షరాలు రాసి చూపించినాది:
పైనొక గీత, గీతకు వేలాడతా అక్షరాలు,
దండెం మీద ఆరేసిన గుడ్డల మాదిరి.
"మా అన్న వీటినే పిల్లోళ్ళకు నేర్పినాడు.
దానికే తీసకపోయినారు."
యాడికని అడిగినాను.
ఆమెకు కన్నడంలో కూడా జవాబు దొరకలేదు.

అన్న పేరుకు ఇంకో చిన్న రేకు కావాలనింది.
ధోండుప్. పుట్టిందెప్పుడు?
"ఇనుప కుక్క సంవత్సరం."
నవ్వబోయి ఆగినాను.
వాళ్ళకూ అరవై ఏండ్ల చక్రమేనంట!
వేళ్ళ మీద లెక్కేస్తే సాధారణ నామ సంవత్సరం తేలింది.
మాయమ్మ నన్ను కన్నదీ ఆ సాధారణలోనే.

చెయ్యి అలవాటున గీత గీసేసినాది,
మరణంలో మ కొమ్ము దాకా పోయినాది.
యాంగ్‌కీ నా మణికట్టు పట్టుకునింది.
"రెండో తేదీ వద్దన్నా."
టర్పెంటైనుతో తుడిచినాను.
మచ్చ పోలేదు.

పదో తేదీ, టవర్ క్లాక్ కాడ
ఒక మడత టేబులు, ఒక రూళ్ళ నోటుబుక్కు, నా బోర్డు.
"సంతకం పెడితే మా కాలనీకి కొళాయొస్తాదా?" అని
ఆటో సుంకన్న ఎగతాళి చేసి,
వస్తాదని ఎవరూ చెప్పకముందే పెట్టేసి పోయినాడు.
ఉగ్గాని బండి ఓబుళమ్మ పసుపు వేలితోనే ముద్రేసినాది.
రోడ్డు వెడల్పులో ఆమె అంగడి పోయి రెండేండ్లు.
"జాగా పోతే ఎట్లుంటాదో నాకొకరు చెప్పల్లా?"
కానిస్టేబులు కూడబలుక్కొని చదివి
"టిబెట్టు ఏ మండలమప్పా?" అన్నాడు.
పర్మిషన్ కాగితం తిరగేసి, మరగేసి,
పోతాపోతా కోతిటోపీ బేరం చేసినాడు.

పొద్దుగూకేసరికి నూట పద్నాలుగు.
చదివింపుల లెక్కకైనా రెండు తక్కువ!
నా పెండ్లాన్ని పిలిచి ఒకటి పెట్టించినాను.
ఇన్నేండ్లూ బోర్డు మూలన కుళ్ళాయప్ప ఆర్ట్స్ అని వేసినోణ్ణి,
నోటుబుక్కులో ఉత్త కుళ్ళాయప్ప అని వేసినాను.

"ఇవి యాడికి పోతాయి?"
"ఢిల్లీకి. ఆడ నుంచి జెనీవాకి. ఆడ నుంచి..."
ఆమె చెయ్యి గాలిలో కొండెక్కినాది,
దిగలేదు.

జనవరి ఆఖర్లో మూటలు కట్టుకున్నాది.
బస్సులో గీకకపోతాదని
చిన్న రేకు నాకాడే పెట్టిపోయినాది.
చచ్చినోళ్ళ బోర్డుల వరసలో ఆనిచ్చబుద్ధి కాలేదు,
ఎదురుగోడకు మేకు కొట్టినాను.

పేరు, ఏడు, గీత.
గీత తర్వాత జాగా, జాగాలో చెరిపిన మచ్చ.
అంగడికొచ్చినోళ్ళు అడుగుతాంటారు,
"ఇదేందప్పా, సగం బోర్డు?"
పని ఇంగా ఐపోలేదంటాను.