తుమ్మితే ఊడే ముక్కు

మార్చిలో మా ఊరికి గాలి
మిర్చి యార్డు మీదుగానే వస్తుంది.
నల్లపాడు రోడ్డులో బస్సెక్కినవాళ్ళు
ఒకళ్ళకొకళ్ళు ఏమీ కాకపోయినా
కలిసి తుమ్ముతారు.
కండక్టరు టిక్కెట్టు చింపి, ఆగి,
ముక్కు నలుపుకుని, అప్పుడు చిల్లరిస్తాడు.

నా సంచిలో
పదిహేను చింతపిక్కలు, ఒక ప్లాస్టిక్ గిన్నె,
నాలుగు రిజిస్టర్లు,
పట్నం బజారు వాచీల కొట్లో బతిమాలి తెచ్చిన
చొక్కా గుండీలంత బ్యాటరీలు, ఒక అట్ట.
సర్కారువి జూన్ క్యాంపుకి గానీ రావు.
జూన్ దాకా పిల్ల చెవికి సెలవివ్వాలా?

వారానికి అయిదు బళ్ళు నావి.
ఉద్యోగమంటారా, తుమ్మితే ఊడే ముక్కు.
ఏప్రిల్ ఇరవై మూడున ఊడుతుంది,
బడి తెరిచాక బుద్ధి పుడితే మళ్ళీ అతికిస్తారు.
అతికినన్నాళ్ళూ కాగితం మీద రిసోర్సు టీచర్ని,
హెడ్మాస్టరు గారి నోట
"ఆ చెవిటి పిల్లల మేడం"ని.

షేక్ నాగూర్‌బీ, మూడో తరగతి.
తల్లి కోల్డ్ స్టోరేజీలో తొడాలు తీస్తుంది.
ఆ వేళ్ళు తగిలితే కళ్ళు మండుతాయని
కూతురి చెవిలో మిషను
తన చేత్తో ఒక్కసారీ పెట్టలేదు.
బియ్యం డబ్బాలో దాచింది.
"పోతే మళ్ళీ ఇవ్వరంట గదా మేడమ్?"
కోప్పడబోయి ఆగాను.
మా ఇంట్లోనూ బంగారం బియ్యంలోనే ఉండేది,
కుదువకి పోకముందు.
పెద్దాసుపత్రిలో చెవులు పరీక్షించే జక్రయ్య
సంగతి విని నవ్వాడు:
"మంచి పనే చేసింది, చెమ్మ తగల్లేదు."

ఇవాళ మిషను చెవిలో ఉంది.
బ్యాటరీకి నారింజ రంగు స్టిక్కరు పీకి
దానికి గాలి తగిలేదాకా
ఇద్దరం వేళ్ళ మీద అరవై లెక్కపెట్టాం.

వంటగది పక్క సామాన్ల గది నా క్లాసు.
కాలు విరిగిన బెంచీలు, మధ్యాహ్నం బియ్యం బస్తాలు.
రిజిస్టరు నోటికి అడ్డం పెట్టుకున్నాను,
పెదాలు చదివేస్తుంది, గడుసుది.
ఆట ఒకటే. వినబడితే గిన్నెలో పిక్క.

ఆ. పిక్క.
ఊ. పిక్క.
ఈ. కాస్త ఆలోచించి, పిక్క.
మ్. నా గొంతు మీద చెయ్యి పెట్టబోయింది,
ఊహూ అన్నాను, అలిగి, పిక్క.
ష్. నా కళ్ళలోకి జాలిగా చూసింది
నేనే ఏదో మర్చిపోయినట్టు.
స్.
మూడు వారాలుగా ఈ అక్షరం
ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతోంది.
సీసా ఈసా అవుతుంది, సోమవారం ఓమవారం,
పక్కన కూర్చునే సువార్త ఉవార్త.
ఆ సువార్తే ముందుగా పలకడం మొదలుపెట్టింది ఆ పిలుపుకి.

మళ్ళీ స్. మళ్ళీ.
ఆగి ఊపిరి తీసుకుంటున్నాను,
పిక్క పడింది.
నేనేమీ అనలేదే!
తప్పని తల ఊపేలోగా ఇంకోటి.
మెడ గోడ వైపు తిరిగింది.

గోడకవతల మూడో తరగతి తుమ్ముతోంది.
యార్డు గాలి కిటికీలోంచి దూరి
ముందు బెంచీ నుంచి వెనక బెంచీకి
తుమ్ము మీద తుమ్ము,
సుగుణకుమారి టీచరు చిరంజీవ, చిరంజీవ అంటూ
చివరికి తనే తుమ్మి.
పిక్క. పిక్క.
రెండు కలిసొస్తే ఒకటి వేసి,
అనుమానపడి, రెండోది.
పిక్కలు అయిపోయాయి.
చెయ్యి చాపింది, ఇంకా ఇమ్మని.
సంచి దులిపాను. లేవు.
పక్క బస్తాలోంచి గుప్పెడు బియ్యం తీసి పోశాను,
లెక్కలో తేడా వస్తే నాదే పూచీ.

అప్పుడు తనకే వచ్చింది.
ఎనిమిదేళ్ళుగా తుమ్ముతున్న పిల్ల
తన తుమ్ముకి తనే అదిరిపడి
వెనకెవరా అని చూసింది.
బస్తాలు.
ముక్కు తడుముకుంది. ఉంది.
ఒక్క బియ్యపు గింజ ఏరి
గిన్నెలో వేసింది.

రిజిస్టరులో పురోగతి గడి
అగ్గిపెట్టె కన్నా చిన్నది.
"ష్, స్ ఇంకా లేవు" అని రాశాను.
అబద్ధమేం కాదు.

తిరుగు బస్సులో
ఎవరో తుమ్మారు.
పిక్కలన్నీ అక్కడే వదిలొచ్చాను,
అయినా నా చెయ్యి
సంచిలోకి పోయింది.