గుటక

మాది వూచ్. చలికాలంలో మూడింటికే దీపాలు పెట్టుకునే ఊరు.
మూతబడ్డ నూలుమిల్లు వెనకాల
గోడలకి పాత కంబళ్లు కొట్టి
చప్పుడు చావగొట్టిన గది మా స్టూడియో.
నేను టేపు తిప్పేదాన్ని.
బోగూమిల్ చదివేవాడు.

పరాయి భాష సినిమా ఏదొచ్చినా
మా దేశంలో పాత్రలన్నిటికీ ఒక్కడే చదువుతాడు.
పెళ్లికూతురికీ, పోలీసుకీ, పాలుతాగే పిల్లాడికీ
ఒకటే గొంతు,
స్టేషన్లో రైలు వేళలు చెప్పినట్టు.
నటించకూడదు.
తెరమీది మాటకి అర క్షణం వెనక
నీడలా నడవాలి, అంతే.

ఇరవయ్యేళ్లలో ఆ గొంతుతో
ఎంతమందిని చంపాడో లెక్కలేదు.
రాజుల్ని, తల్లుల్ని, ఓసారి ఒక గుర్రాన్ని.
ఒక్కరి దగ్గరా తడబడలేదు.
టీ తాగి, తర్వాతి కాగితం తిప్పేవాడు.

ఆ ఫిబ్రవరిలో మరమనిషి సినిమా వచ్చింది.
ఒక పిల్లాణ్ణి సాకిన యంత్రం.
పిల్లాడు ఎదిగాడు. ఇక దాంతో పనిలేదు.
మంచులో నడిచి ఒకడు వస్తాడు, మీట ఆపడానికి.
వాడి వేళ్లకేసి చూసి అంటుంది:
"నీళ్లు కాచి ఉంచాను.
ముందు చేతులు వెచ్చబెట్టుకోండి."

అక్కడ
బోగూమిల్ గుటక వేశాడు.

మళ్లీ, అన్నాను.
మళ్లీ గుటక.
మూడోసారి స్కేలు పెట్టి గీసినట్టు చదివాడు.
ఏ వంకా లేదు. యంత్రమైనా అంత బాగా చదవదు.

కోటు గుండీలు తప్పు కంతల్లో పెట్టుకుంటూ
"రాసినవాడెవడో గానీ
వాడికి చలి తెలుసు" అన్నాడు.
ఇంకేం అనలేదు. ట్రాము వచ్చింది.

నియమం ప్రకారం మూడోది ఉంచాలి.
నేను మొదటిది ఉంచాను.
ఎందుకని అడిగితే ఇవాళ్టికీ
చెప్పడానికి నా దగ్గర సరుకు లేదు.

ఆదివారం రాత్రి మా పల్చటి గోడల భవనంలో
పైనా కిందా పక్కనా
ఒకే గొంతు, అన్ని ఇళ్లలో.
ఆ ఒక్క చోట
గరిటెల చప్పుళ్లు కూడా ఆగాయి,
లేక నాకే అలా వినబడిందో.

పొద్దున్నే మెట్లమీద
మూడో అంతస్తు గెనోవేఫా, చేతిలో బంగాళాదుంపల సంచి,
నన్ను ఆపింది.

"రాత్రి ఆ మరమనిషికి
గొంతు నొప్పి చేసినట్టుందే, పాపం!
వేడిపాలలో ఇంత తేనె కలిపి ఇస్తే పోయేది కదా.
ఎవరూ లేరా దానికి?"