నాలుగో కోడు

ముందు మిషన్ ఆపెయ్, అంది దెయోలిందా.

ఆపాను.
రెండు నెలలుగా నేర్చుకున్నదంతా
తిరిగేదాని మీద ఉలి ఆనించడమే.
ఇప్పుడు అక్రోటు కొయ్య రెండు మొనల మధ్య
కదలకుండా పడుకుంది,
డాక్టరు ముందు చొక్కా విప్పిన మనిషిలా.

మెలి మిషన్ తియ్యదు, ఎర్మీనియు.
చెయ్యే తియ్యాలి.

బ్రాగా నుంచి జెరెష్ కొండల మీదికి
ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపినవాణ్ణి.
మలుపుల సంగతి నాకా చెప్తావు, అనుకున్నాను.
పైకి అనలేదు. ఆవిడకి డెబ్బై ఒకటి,
చెవి మీద పెన్సిలు, చేతిలో పదునైనవి అన్నీ.

నిలువునా నాలుగు గీతలు.
బొటనవేలి వెడల్పుకొకటి, చుట్టూ వలయాలు.
గడి మూల నుంచి ఎదుటి మూలకి
కాగితం పట్టీ చుట్టి గీసుకుంటూ పోవాలి.
విప్పి బల్ల మీద పరిస్తే ఆ పట్టీ అంచు తిన్ననిదే.
కొయ్యని చుట్టుకున్నాకే ఎక్కడం మొదలుపెడుతుంది.
నిజమే, సీట్లోంచి చూస్తే రోడ్డెప్పుడూ
నా ముందు తిన్నగానే ఉండేది.
కొండే తిరిగేది.

మంచం అమారెష్ నుంచి వచ్చింది. మూడు కోళ్ళే.
నాలుగోదాన్ని పురుగు తినేస్తే
ఆ మూల కింద ఇటుకలు పేర్చి
పదకొండేళ్ళు పడుకుందట ఎదువీజెష్ అనే ఆవిడ.
ఇటుక చల్లదనం కల్లోకి వస్తుంది బాబూ, అంది.

రంపం బద్దకి ఎర్ర టేపు అంటించి,
ఇంతకంటే లోతు దిగావో, కొయ్య నడుం విరుగుతుంది, అంది దెయోలిందా.
కుడిచేత్తో కోత,
ఎడమచేత్తో కొయ్యని కొంచెం కొంచెం తిప్పడం.
స్టీరింగు జ్ఞాపకం వచ్చింది చేతికి.
తర్వాత ఆకురాయి.
గట్టు మీంచి లోయలోకి దిగినంతసేపూ కొయ్య మాట వింటుంది.
లోయలోంచి గట్టెక్కబోయావా,
పోగులు లేచి నిలబడతాయి, కోపమొచ్చిన పిల్లి వీపులా.
దిగు, ఎప్పుడూ దిగు. రెండో గేరులో.

గరుకు కాగితం పీలికలు చేసి
బూటు తుడిచినట్టు లాగీ లాగీ
మూతి నిండా పొట్టు, గోళ్ళ సందుల్లో అక్రోటు నలుపు.
పంతొమ్మిది రోజులు.

తలవైపు కోడు పక్కన నిలబెట్టాను.

రెండూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి.
పాతాయన ఒకటి కుడికి మెలేసి,
దానికి జోడీ ఎడమకి మెలేశాడు,
కాళ్ళవైపు రెండూ చూస్తే తెలుస్తూనే ఉంది.
నేను అద్దంలో చూడాల్సింది
ముఖాముఖి చూశాను.

నీకెప్పుడు తెలిసింది?
పెన్సిలు గీసిన రోజే.
మరి చెప్పలేదేం?
ఆకురాయి మీది పొట్టు ఉఫ్ఫని ఊదింది.
అప్పటికి నీకు రంపం రాదుగా.
అది నేర్చుకోవడానికి ఈ కొయ్య.

రెండ్రోజులు వెళ్ళలేదు.
ఇంట్లో చెంచాలు సర్దాను, మళ్ళీ సర్దాను.
మూడో రోజు వెళ్తే నా మొన దగ్గర కొత్త కొయ్య బిగించి ఉంది.
ఆవిడ తలెత్తలేదు.
రెండోది ఎనిమిది రోజులే పట్టింది.
నాలుగో చుట్టు దగ్గర లోయ కాస్త బొద్దుగా వచ్చింది.
దిద్దబోతే చెయ్యి పట్టుకుని
పాత కోడు మీదికి తీసుకెళ్ళింది.
అక్కడా, సరిగ్గా కాదు గానీ,
ఒక చుట్టు బొద్దుగానే ఉంది.
ఆయన కూడా ఆ పూట భోజనానికి లేచి ఉంటాడు.

తప్పు మెలిది తలుపు పక్కన నిలబడింది.
దాని కొన మీద నా పాత డ్రైవరు టోపీ.

సాయంత్రం ఇంటికి బస్సులో, నిలబడి.
పట్టుకున్న ఇనప కడ్డీ నున్నగా ఉంది.
నా బొటనవేలు దాని మీద
లోయ ఎక్కడా అని వెతుక్కుంటోంది.
కొత్త కుర్రాడు మలుపులో
బ్రేకు ఆలస్యంగా వేశాడు.
నేనేమీ అనలేదు.