చూడు

కళ్యాణదుర్గంలో విత్తనాల అంగడి మీద రేకుల గది.
సాయంత్రం ఆరున్నరకు
బోర్డు మీద మూడు మాటలు రాసినా:
సీ. లుక్. వాచ్.
మూడింటికీ మనకు ఒకటే మాట, చూడు,
అని తప్పు ఒప్పుకున్నట్టు నవ్వినా.

కంటికి దానంతటదే పడితే సీ.
కావాలని కన్ను తిప్పితే లుక్.
కదిలేదాన్ని, ఏమైతాదో అని
కన్ను తీయకుండా పట్టుకుంటే వాచ్.
అదో, కిటికీలో రాయదుర్గం బస్సు: సీ.
దాని బోర్డు చదవండి: లుక్.
పరిగెత్తే ఆ పిల్లోడు ఎక్కుతాడా, జారతాడా: వాచ్.

రిగ్గు బండి మీద పనిచేసే తిప్పేస్వామి
వెంటనే లెక్క తేల్చినాడు:
"బోరు దిగేటప్పుడు రైతు చేసేది వాచ్ సార్.
గొట్టంలోకి వంగేది లుక్.
మొన్న కంబదూరు పక్క
ఏడువందల అడుగులు పోయినా సీ రాలేదు."
తెల్ల దుమ్ము ఇంకా వాని చెవుల వెనకాలే ఉంది.

ఆస్పత్రిలో ఆయా, కుళ్ళాయమ్మ, చెయ్యెత్తింది.
"పులుసు రుచి చూస్తాం గదా?"
అది టేస్ట్.
"జరం చూస్తాం?"
చెక్.
"చేసి చూడు అంటాం?"
ట్రై.
ఒక్కొక్క చూపుకూ కన్ను ఊడిపోతాంది.
"మా అత్తను నేనే చూసుకుంటా."
లుక్ ఆఫ్టర్! లుక్ ఉంది, చూడు, అన్నా,
దొరికిన చిల్లర లెక్కపెట్టినట్టు.

"మరి వాన కోసం చూస్తాం గదా సార్,
బుడ్డలు ఒలిచి మూటగట్టి, జూన్ నుంచీ?"
వెయిట్, అని రాసినా.
"దాంట్లో కన్ను యాడుంది?"
లేదమ్మా. గడియారం ఉంది.
"వానేమన్నా రాయదుర్గం బస్సా సార్?"
గదంతా నవ్వింది. నేనూ నవ్వినా,
సుద్దముక్క చేతిలో విరిగింది.

రాత్రి నోటుబుక్కులు దిద్దుతా ఉంటే
ఆమె వాక్యం, పెద్ద పెద్ద అక్షరాల్లో:
వి వాచ్ ఫర్ ది రెయిన్.
ఎర్రపెన్ను ఎత్తి, ఎందుకో ఆగి,
అట్ట ఊడిన డిక్షనరీ తీసినా.
ఉంది. పేజీ అడుగున, చీమంత అచ్చులో:
వాచ్ ఫర్, రావాల్సినదాని మీద కన్నేసి ఉండటం.
పంతొమ్మిదేండ్లుగా నేను తిప్పుతున్న పేజీనే.
లుక్కులు ఎన్నో. సీ ఈరోజే.

టిక్కు పెట్టినా.
ఒక్క స్పెల్లింగు మటుకు దిద్దాల్సి వచ్చింది:
రెయిన్‌లో ఐ మర్చిపోయింది.
అది నేను పెట్టినా.